పులవని తరవాణి

తెల్లారగానే రాజకుమారి తరవాణి కుండ మూత తీస్తుంది. రాత్రి మిగిలిన అన్నం, గంజి అందులో వేసి, నూతి నీళ్ళు చెంబుతో పోస్తుంది. అత్తగారి కాలం నుంచీ ఆ కుండ ఖాళీ అవలేదు. పాత పులుపు మీదే కొత్త నీళ్ళు.

కూతురు హర్షిత పోయాక ఒక్కటే మారింది. నీళ్ళు పోసిన కాసేపటికి, పొయ్యి లేకుండానే, కుండ కుతకుతమని ఉడుకుతుంది. ఇంక పులుపెక్కడిది?

వీధిలో ఎవరూ వింతపడలేదు. పక్కింటి భారతి గుడ్డలో కోడిగుడ్లు మూటకట్టి తెచ్చి అందులో వేలాడదీసేది. "గ్యాసు బండ తప్పింది మనకి" అనబోయిన రాజకుమారి మొగుడు జగన్నాధం, పెళ్ళాం మొహం చూసి ఊరుకున్నాడు.

హర్షిత నరసన్నపేట కాలేజీకి బస్సులో వెళ్ళేది. ఒక వానాకాలం కడుపులో మెలిపెట్టి, జిగటా నెత్తురూ పడ్డాయి. "వేడి సేసింది, తరవాణి తాగు" అంది రాజకుమారి. తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రెండు రకాల మాత్రలు రాసింది, ఒకటి అయ్యాక ఒకటి. మొదటివి అయ్యేలోపే విరేచనాలు కట్టాయి. రెండో రకం డబ్బాలోనే ఉండిపోయాయి.

నెలలు గడిచాక కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం. స్కానింగు చూసి డాక్టరమ్మ రాజకుమారిని కూర్చోమంది.

"కాచని నీళ్ళలోంచి వచ్చే అమీబా అమ్మా. పేగుల్లో పుండ్లు పెట్టి, లివరుకి పాకి చీము పట్టించింది. విరేచనాలు ఆగినంత మాత్రాన అది పోదు."

ఆ చీముగడ్డ లోపలే పగిలింది. పిల్ల మరి ఇంటికి రాలేదు.

ఈ ఆషాఢంలో భారతి గిన్నె పట్టుకుని పరుగున వచ్చింది.

"అప్పా, మా గోపిగాడికి రక్తం పడతన్నాది. వేడే. కాస్త తరవాణి పొయ్యి."

రాజకుమారి అలవాటుగా గరిటె ముంచింది. కుండ ఒక్కసారిగా పొంగి ఆమె మణికట్టు మీద పడింది.

"ఇదేటి కుండే తల్లీ! పోనీ, ఆ సివరింట్లో అడుగుతాను."

"ఆగవే." రాజకుమారి కాలిన చేత్తోనే భారతి కొంగు పట్టుకుంది. "గుంటడ్ని ఎత్తుకో. ఆటో పిలుస్తాను."

"ఏటప్పా అంత కంగారు?"

ఆమె అప్పటికే వీధిలోకి దిగింది.

గోపికీ రెండు మందులు రాశారు. పొద్దున్నే రాజకుమారి బెల్లం ముక్క పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేది. "మందు పెద్దమ్మ వచ్చీసింది!" అంటూ వాడు తలుపు చాటుకి పారిపోయేవాడు.

నెత్తురు ఆగింది. రెండో మందు మొదలెట్టే రోజున గోపి వాకిట్లో కోడిపిల్లల్ని తరుముతున్నాడు.

"గెంతుతన్నాడు గదప్పా," అంది భారతి. "ఇంకా ఎందుకు ఆడికి ఈ సేదు?"

రాజకుమారి చెంచా దించలేదు.

"హర్షితకీ తగ్గిపోనాదే."

భారతి వాకిట్లోకి వెళ్ళి గోపిని పట్టుకొచ్చింది. కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గెడ్డం పట్టుకుని నోరు తెరిపించింది.