చెరిసగం బల్ల

నేను ఒక వేపచెక్క బల్లని. మంత్రులెవరూ నా మీద కూర్చోలేదు. మంత్రుల కోసం ఎదురుచూసేవాళ్లే కూర్చున్నారు. సచివాలయం వరండాలో ఒక శాఖ తలుపు పక్కన నా చోటు. నన్ను చేసిన వడ్రంగి, "కాళ్లు నాలుగున్నా ఇది ఎక్కడికీ పోదు" అని నవ్వాడు. పాపం, ప్రభుత్వం సంగతి అతనికేం తెలుసు!

అసలు హక్కుదారులు ఇద్దరు అటెండర్లు, కోటమ్మ, ఎస్తేరు. ఇంటి దగ్గర ఎవరూ లేనివాళ్లు. మధ్యాహ్నం క్యారియర్లు నా నడుమ పెట్టుకుని కూరలు మార్చుకుంటూ తినేవారు.

ఒకనాడు పరిపాలన వికేంద్రీకరణ అన్నారు. రాజధానిలో సగం ఎక్కడో దూరపు నగరానికి వెళ్తుందట. ప్రతి శాఖలో మనుషులు సగం, సామాను సగం. ఎస్తేరు పేరు అటు పడింది.

"నువ్వు లేకపోతే నాకు ముద్ద దిగదే," అంది కోటమ్మ.

"నీ కూరంతా నీకే మిగులుద్ది, సంతోషించక్కా," అని ఎస్తేరు నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది.

సూపరింటెండెంట్ పరాంకుశం గారు ఉత్తర్వుని అక్షరం తప్పకుండా పాటించే మనిషి. కుర్చీలు పంచారు, ఫ్యాన్లు పంచారు. బల్ల చూస్తే ఒక్కటే. కాసేపు ఆలోచించి రంపం తెప్పించారు.

చెరో రెండు కాళ్లతో మిగిలాం. నేను ఎటు ఉన్నానో నాకే అర్థం కాలేదు! ఒక సగం ఎస్తేరు వెంట లారీ ఎక్కింది. రెండో సగాన్ని గోడకి ఆనించారు. కోటమ్మ అలవాటుగా కూర్చోబోయి నేల మీద కూలబడింది. "నీకూ తోడు లేందే నిలబడ చాతకాదుటే?" అని నన్నే తిట్టింది.

ఈలోగా పాత రాజధాని జనం కోర్టుకెక్కారు. చట్టం చేయకుండా, వట్టి ఉత్తర్వుతో రాజధానిని ఎలా కదుపుతారని న్యాయమూర్తి అడిగారు. అది తేలేదాకా అన్నీ మునుపు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలన్నారు.

పరాంకుశం గారికి చెమటలు పట్టాయి. "మునుపు బల్ల ఒకటి కదయ్యా! ఇప్పుడు రెండుంటే కోర్టు ధిక్కారం కాదూ?"

లారీ తిరిగొచ్చింది. ముందు ఎస్తేరు దిగింది, వెనక నా సగం దిగింది. వడ్రంగి ఇనప పట్టీ వేసి మమ్మల్ని బిగించాడు. ఇప్పుడు నడుమ కూర్చున్నవాళ్లని ఆ పట్టీ గిల్లుతుంది. అందుకే అక్కడ క్యారియర్లకి తప్ప ఎవరికీ చోటు లేదు.

విచారణ ఉన్న రోజు కోటమ్మ క్యారియర్ మూత తీయకుండానే అడుగుతుంది. "ఈసారి తేల్చేస్తారంటావా?"

"వాయిదా పడుద్దిలే అక్కా. ముందు తిను."

ఊరంతా తీర్పు ఎప్పుడెప్పుడా అని చూస్తుంటే, నా మీద ఇద్దరు వాయిదాకి దణ్ణం పెట్టుకుంటారు. నాకూ తొందరేం లేదు. పరాంకుశం గారి రంపం ఇంకా బీరువాలోనే ఉంది.