కాగితం మీద ముగ్గురం

టొలీడోలో ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో చేరిన రోజునే, జీతాల గుమస్తా ఓపల్ పన్ను కాగితం నా ముందుకు తోసింది. అందులో మినహాయింపుల సంఖ్య ఎంత ఎక్కువ రాస్తే, వారం వారం జీతంలో పన్ను అంత తక్కువ పట్టుకుంటారు.

"నీకు నువ్వు ఒకటి. చేసేది ఒకే ఉద్యోగం గనక ఇంకొకటి. మొగుడు లేకుండా ఇల్లు నడుపుతున్నావు గనక మరొకటి. పిల్లకి ఒకటి. మొత్తం నాలుగు రాయి," అంది ఓపల్.

"మా ఇంట్లో ఉండేది ఇద్దరమేగా అక్కా?"

"పిల్ల ఒక్కతే. నువ్వే ముగ్గురివి. కాగితం అలా అంటోంది, నాతో వాదించకు తల్లీ."

నాలుగు రాసేశాను. కానీ నా బెంగ వేరే. గురువారం మధ్యాహ్నం మా టెస్సా బడిలో నాటకం. చేరిన వారమే సెలవంటే ఎవరిస్తారు? ఆ కాగితమే పట్టుకుని సూపర్‌వైజర్ మెల్విన్ దగ్గరికి వెళ్ళాను.

"నేను ముగ్గురినండీ. గురువారం ఒక్కదాన్ని పంపండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ప్రభుత్వమే ఒప్పుకున్నాక మధ్యలో నాదేముంది? వెళ్ళు. మిగతా ఇద్దరూ మాత్రం మిషను దగ్గర్నించి కదలకూడదు."

వెళ్ళాను. గుమ్మడికాయ వేషంలో ఉన్న టెస్సా, మాటలు మర్చిపోయి మరీ నాకు చెయ్యూపింది.

శుక్రవారం పొద్దున్నే మెల్విన్ నన్ను పక్కకి పిలిచాడు.

"నీ పని బానే ఉందమ్మా. ఆ ఇద్దరికే బొత్తిగా ఒళ్ళు వంగదు. నిన్న ఒక్క దుప్పటి మడిస్తే ఒట్టు."

"కొత్త కదండీ," అన్నాను. "నేను మాట్లాడతాను."