ఎడమ రెక్క చిగుళ్లు

గురువారం సాయంత్రం కాఫీ తాగాక ఉర్పో, అతని మిత్రులు కొట్టంలో దూరి విమానం బాగుచేసుకుంటారు. యుద్ధకాలపు మిర్స్కీ అది, చెక్క రెక్కల ఫైటర్. తయారైనవే కొన్ని, మిగిలినవి తునకలు. వీళ్ల దగ్గర ఇనుప చట్రం, కుడి రెక్క ఉన్నాయి. బిర్చ్ చెక్క పొరల్ని జిగురుతో అంటించి చేసిన రెక్క కాబట్టి వసంతం రాగానే చిగురుస్తుంది. ఆ చిగుళ్లు కత్తిరించి పక్కింటి మేకలకు వేసి మళ్లీ పనిలో పడతారు. జిగురు పట్టిన చోటే పొర నుంచి పొరకు జీవం పాకుతుందని, పట్టని చోట చెక్క చచ్చిపోతుందని ఆ ఊళ్లో అందరికీ తెలిసిందే.

ఎడమ రెక్క ఎక్కడుందో కూడా తెలుసు. ఉర్పో భార్య రైలీకి టైమీ అని పిన్ని ఉంది, సరస్సు అవతలి ఒడ్డున. ఆవిరి స్నానం చేసే ఆమె సౌనా గది వసారాకు ఆ రెక్కే పైకప్పు. అడిగే ధైర్యమే ఎవరికీ లేదు. యుద్ధంలో రెక్కలు అంటించిన అమ్మాయిల్లో టైమీ ఒకతె. తను అంటించిన ఆ రెక్కతోనే, తనను పెళ్లాడబోయే అర్మాస్ ఎగిరాడు. తడికి జిగురు వదిలేస్తోందని పైలట్లు గొణుక్కునే రోజులవి. సరస్సు మీద రెక్క ఊడింది. రెక్క దొరికింది, అర్మాస్ దొరకలేదు. దాన్ని తెచ్చి తన నెత్తిమీదే పెట్టుకుంది టైమీ. అది ఏ వసంతంలోనూ చిగురించలేదు. అర్మాస్‌ను చంపింది తన జిగురేనని నిశ్చయించుకుని ఒంటరిగా ఉండిపోయింది.

నడివేసవి పండగకు ఆమె ఉర్పోనూ రైలీనీ సౌనాకు పిలిచింది. వెళ్లేవాళ్లు ఒళ్లు తట్టుకోవడానికి బిర్చ్ రెమ్మల కట్ట తీసుకెళ్లాలి. విమానం ధ్యాసలో పడి ఉర్పో మరిచాడు. పడవ ఎక్కబోతూ గుర్తొచ్చింది. అడవి నిండా బిర్చ్ చెట్లుండగా, ఈ మహానుభావుడు కొట్టంలోకి పరుగెత్తి రెక్క చిగుళ్లు కోసి కట్ట కట్టుకొచ్చాడు.

"పండక్కి మేకల మేత తెచ్చావా?" అంది రైలీ.

"ఆకు ఆకే కదా. పిన్నిగారికి మాత్రం చెప్పకు."

ఆడవాళ్లు ముందు సౌనాలోకి వెళ్లారు. ఉర్పో వసారాలో బీరు పట్టుకుని కూర్చున్నాడు. లోపల కాలిన రాళ్ల మీద నీళ్లు చుయ్యిమన్నాయి. వీపుల మీద రెమ్మల చప్పుడు మొదలై, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఒసే రైలీ, ఏ చెట్టుదే ఇది? ఈ వాసన నేనెరుగుదును."

రైలీకి అబద్ధం చేతకాదు. "విమానానిది పిన్నీ. కుడి రెక్కది."

టైమీ ఆ కట్టతోనే రాళ్ల మీద నీళ్లు చిలకరించింది. తలుపు సందులోంచి ఆ ఆకుల వాసనతో ఆవిరి బయటికొచ్చి పైకప్పును తాకింది. ఉర్పో బీరులో పచ్చటి పొట్టు ఒకటి రాలింది. తల ఎత్తి చూశాడు.

"పిన్నిగారూ, బయటికి రండి. తొందరగా."

"తువాలు చుట్టుకుని అల్లుడి ముందుకు రమ్మంటావా?"

"ఎలా ఉంటే అలా రండి."

వచ్చింది. రెక్క కొసన పుట్టిన చిగురు అతుకు వెంబడే పరుగు తీస్తోంది, ఒక్క వేలి సందైనా వదలకుండా. పొరలన్నీ ఏక మానై ఆకులేస్తున్నాయి. ఆకుల వెనకాలే ఉర్పో స్టూలు మోసుకుంటూ పరుగెత్తాడు. మొదలు దగ్గర, రెక్కను విమానానికి పట్టి ఉంచే ఇనుప బిగింపు తెగిన చోట చిగుళ్లు ఆగిపోయాయి.

"తెగింది ఇనుము పిన్నిగారూ. మీ జిగురు ఇంకా పట్టే ఉంది."

టైమీ స్టూలెక్కి ఆ అతుకు పొడవునా వేళ్లతో తడిమింది. తర్వాత పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"చూస్తావేం అల్లుడూ? మేకులు పీకు. ఇవాళే తీసుకుపోదాం."

"పైకప్పు లేకపోతే వసారాలో వాన పడుతుంది కదా పిన్నీ," అంది రైలీ.

"పడనీ."

రెక్కను పడవ మీద అడ్డంగా వేసి కట్టారు. టైమీ బట్టలు మార్చుకొచ్చి దాని పక్కన కూర్చుంది. సరస్సు నడుమ అర్మాస్ పడిన చోటు ఒకటుంది. ఇన్నేళ్లూ ఆమెను పడవలో తీసుకెళ్లిన ప్రతివాడూ దాన్ని తప్పించి, ఒడ్డు పట్టుకుని చుట్టూ తిరగాల్సిందే. ఉర్పో అలవాటుగా తెడ్డు ఒడ్డువైపు తిప్పాడు.

టైమీ అతని చేయి పట్టుకుంది.

"తిన్నగా పోనీ," అంది.