నాలుగు పాలసీలు, ఒక ఎర్ర పెన్ను

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన కళ్లుగప్పి తప్పు జారిపోవడం జరగని పని. పెళ్లిపత్రిక చేతికిచ్చినా ముందు అచ్చుతప్పులు వెతికి, ఆ తర్వాతే శుభాకాంక్షలు చెప్పే రకం. అలాంటి మనిషి ముందు బావమరిది నాలుగు ఆరోగ్య బీమా పాలసీలు పెట్టాడు. ప్రెస్సు వాళ్ల బీమా ఆయనొక్కడికే వర్తిస్తుంది. భార్యకు విడిగా తీసుకోవాలి.

"ఏదో ఒకటి తేల్చు బావా. అక్కకి ఇప్పుడు ఏ జబ్బూ లేదు, కళ్లు మూసుకుని ఇస్తారు," అన్నాడు ఆ పాలసీలు అమ్మే బావమరిది.

"కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాణ్ణి కాదురా నేను."

నిజమే, పెట్టలేదు. ఎర్ర పెన్ను పట్టుకుని ఎనిమిది నెలలు చదివాడు. ఒకదాంట్లో గది అద్దెకు పరిమితి ఉంది. ఇంకోదాంట్లో బిల్లులో కొంత మనమే కట్టుకోవాలి. మూడోది దగ్గరున్న ఆసుపత్రిలో చెల్లదు. నాలుగోదాంట్లో పదిహేడో పేజీ స్పష్టంగా లేదని కంపెనీకి ఉత్తరం రాశాడు. జవాబొస్తే అందులోనూ తప్పులు దిద్ది తిప్పి పంపాడు. "మీరు తేల్చేలోపు నేను ముసలిదాన్నైపోతాను," అని భార్య నవ్వేది. ఆ మహానుభావుడికి అది మెచ్చుకోలులా వినిపించేది, ఏం చెప్పను!

తొమ్మిదో నెలలో ఆమెకు కడుపునొప్పి వచ్చింది. స్కానింగులో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. బీమా లేకుండా ఆ వైద్యం చేయించే స్తోమత ఆ ఇంటికి లేదు.

ఆ సాయంత్రమే బావమరిదిని పిలిపించి, దరఖాస్తు తీశాడు. ప్రస్తుతం ఏవైనా వ్యాధులున్నాయా అన్నచోట 'లేవు' అని రాశాడు. జీవితంలో తెలిసి రాసిన మొదటి తప్పు అది.

బావమరిది కాగితం మెల్లగా తీసుకున్నాడు. "రిపోర్టు ఆసుపత్రి కంప్యూటర్లో ఉంది బావా. క్లెయిముకి వెళ్తే ముందు అదే తీస్తారు. నిజం రాస్తే ఏ కంపెనీ ఇవ్వదు."

"మరి మీ అక్కో?"

బావమరిది దరఖాస్తు మడిచి బావ ముందే పెట్టేశాడు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే ఆయన్ని చంపేసింది.

"ఇంతకీ నాలుగింటిలో ఏది మంచిదండీ?"

ఆయన ఎర్ర పెన్నుకి మూత పెట్టాడు.

"ఏది తీసుకున్నా సరిపోయేది," అన్నాడు.