కుదుళ్ళ దగ్గర నిమ్మవాసన

జడక్క జడ ఎంత పొడుగంటే, ఆమె వీధి మలుపు తిరిగి, సెలూన్లోకొచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని గ్లాసుడు మంచినీళ్ళు తాగాక గాని జడ చివర మలుపు తిరిగేది కాదు. ఒకసారి బస్సు తలుపులో ఇరుక్కుంటే కండక్టరు వచ్చి, "అమ్మా, దీనికి వేరే టికెట్టు తీసుకున్నారా?" అని అడిగాడట. ఇందులో సగం కొట్టేసినా, మిగిలింది తక్కువ జడేమీ కాదు.

సెలూన్ మేడమ్ ఉద్యోగమిచ్చింది ఆ జడకే. జడక్కకు కత్తెర పట్టడం రాదు, రంగు వేయడం రాదు. గాజు తలుపు పక్కన, వీధిలో పోయేవాళ్ళకు కనబడేలా, జడ కుర్చీ వెనక్కి వేలాడేసి కూర్చోవడమే పని. లోపలికొచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెట్టి "ఏం వాడతావమ్మా?" అనగానే అరలోని నల్ల షాంపూ సీసా చూపించి, "ఇదే. సూపర్ మార్కెట్ సరుకు నా తల దరిదాపులకు కూడా రానివ్వను" అనాలి. జనం అడిగి ఊరుకుంటారా? ముక్కు పెట్టి మరీ చూస్తారు. అందుకని రోజూ పొద్దున్నే జడ చివర జానెడు ఆ సీసాలోని సరుకులో ముంచి ఆరబెట్టుకోవాలి.

ఇంట్లో ఆమె వాడేది సూపర్ మార్కెట్‌లో అట్టడుగు అరలో, నేల తుడిచే మందు పక్కన పడి ఉండే పసుప్పచ్చ డబ్బా. నిమ్మవాసనది. ఆ మాటకొస్తే వాళ్ళమ్మ జడ దీనికి రెండింతలు, ఆవిడ బట్టల సబ్బుతో రుద్దుకునేది.

చెల్లెలికి మాత్రం పుట్టినప్పటి నుంచీ ఎలక తోకే. ఇంటిల్లిపాదీ "పిలక" అని పిలిచేవాళ్ళు. ఆ పిలకే ప్రతి ఆదివారం వచ్చి అక్కకు జడ వేసేది. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. దాని చేతి బిగువుకు వారమంతా ఒక్క వెంట్రుక పక్కకు జరిగేది కాదు. "నాకు లేకపోతేనేం, మా అక్కకుందిగా" అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునేది.

బిడ్డ పుట్టాక ఉన్న ఆ కాస్తా దువ్వెనకు రావడం మొదలైంది. పొద్దున లేస్తే దిండు మీద పిల్లి పడుకుని వెళ్ళినట్టుండేది. ఓ రోజు పిలక బిడ్డను చంకనేసుకుని సెలూన్‌కే వచ్చేసింది.

"అక్కా, సూపర్ మార్కెట్ నుంచే వస్తున్నా. పసుప్పచ్చ డబ్బా ఒకటి బుట్టలో వేసుకుని కూడా మళ్ళీ పెట్టేశా. నీ మాట వినకుండా ఎలా కొంటాను? అదా, ఇదా?" అంది, అరలోని నల్ల సీసా చూపిస్తూ.

మేడమ్ చేతిలో కత్తెర ఆగింది. కుర్చీలో ఉన్నావిడ సగం కత్తిరించిన తలతో ఇటు తిరిగింది.

"చెప్పమ్మా, మీ చెల్లెలేగా" అంది మేడమ్, పంచదార పలుకులతో.

జడక్క నాలుక అంగిట్లో ఒక్క క్షణం తచ్చాడింది. తర్వాత అలవాటైన దారినే పోయింది.

"ఇదేనే. సూపర్ మార్కెట్ సరుకు దరిదాపులకు కూడా రానివ్వను."

పిలక జడ చివర అందుకుని పసిపిల్ల తల వాసన చూసినట్టు చూసింది. "ఈ వాసనే!" అని బిడ్డకు కొనాల్సిన చొక్కా మానుకుని మరీ నల్ల సీసా కొనుక్కుపోయింది.

ఆ సాయంత్రం జడక్క ఫోను చేతిలోకి తీసుకుంది. రేపు చెబుదాంలే అనుకుంది. రేపటికి రూపు లేదు. ఇంట్లో జడ అంటే ఒక్కటే, అది తనదే అనే తీపి కూడా మనసులో ఏ మూలో నక్కి ఉంది. దాన్ని ఆమె కదిలించలేదు.

నల్ల సీసా అయిపోవచ్చింది. కాలిబాటలా ఉండే పిలక పాపిట రహదారి అయింది.

జడక్క ఎప్పుడూ శనివారమే తలంటుకునేది, ఆదివారానికల్లా వాసన పోయేది. ఆ శనివారం కుళాయి రాలేదు. ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టు ఆరీ ఆరకుండానే చెల్లెలి ముందు కూర్చుంది. మూడు పాయలు తీసిన పిలక చేతులు అక్కడే ఆగిపోయాయి.

"నీ తలలో నిమ్మవాసనేంటక్కా?"

"గిన్నెలు తోమాగా."

"తలతో తోమావా?"

పిలక లేచి స్నానాలగదిలోకి పోయి పసుప్పచ్చ డబ్బాతో బయటికొచ్చింది.

"నేను బుట్టలోంచి తీసి పెట్టేసింది ఇదేగా."

"మేడమ్ అక్కడే నిలబడి ఉందే. చూశావుగా. నిజం చెబితే నన్ను గెంటెయ్యదూ?"

"అక్కడ నిలబడింది, సరే. ఇక్కడ ఎవరు నిలబడ్డారు? ఇన్ని ఆదివారాలు నా చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నావు కదక్కా."

"ఏ సీసా అయినా ఒకటేనే! ఈ జుట్టు సీసా ఇచ్చింది కాదు, అమ్మ ఇచ్చింది."

"నాకూ ఆవిడే అమ్మ" అంది పిలక. పాయలు వదిలేసి, బిడ్డను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకు మళ్ళీ సెలూన్‌కు వచ్చింది. అక్క వైపు చూడకుండా పోయి కుర్చీలో కూర్చుని, "మొత్తం తీసెయ్యండి" అంది. కత్తెరకు అట్టే పని పడలేదు. మేడమ్ కళ్ళతోనే చీపురు చూపించింది. జడక్క వంగి చెల్లెలి వెంట్రుకలు ఊడ్చింది. చేటలో గుప్పెడు కూడా లేవు.

అప్పుడే ఓ కాలేజీ పిల్ల లోపలికొచ్చింది. "అబ్బ, ఏం జడ! ఏం వాడతారాంటీ? సూపర్ మార్కెట్‌వి సరిపోవా?"

జడక్క తలెత్తింది. అద్దంలో పిలక కళ్ళు తన మీదే ఉన్నాయి. వాటిలో కోపం లేదు. ఈ ఒక్కసారికి నిజం చెబితే అన్నీ మరిచిపోతానన్నట్టు ఎదురుచూస్తున్నాయి. అద్దంలోనే, ఆ పక్కన మేడమ్ కూడా ఉంది.

"ఇదేనమ్మా" అంది జడక్క, సీసా చూపించి. "సూపర్ మార్కెట్ సరుకు దరిదాపులకు కూడా రానివ్వను."

పిలక మెడ మీది వెంట్రుకలు దులుపుకుని లేచింది. ఆ పిల్ల భుజం తట్టి, "కొనుక్కో తల్లీ. మా అక్క అబద్ధమాడదు" అంది. తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఎవరూ రాలేదు. అంత జుట్టు నెత్తిన పెట్టుకుని తిరిగిన జడక్కకు సొంతంగా జడేసుకోవడం రానే రాదు. సగం దాకా అల్లేసరికి చేతులు అందలేదు.

సోమవారం పొద్దున మేడమ్ చూసి, "ఏంటమ్మా ఇది, పాత చీపురులా?" అని విసుక్కుంది. చివర జానెడు మాత్రం ఘుమఘుమలాడుతోంది.