మైము నంబరు

పంచాయతీ ఆఫీసు మూసేసినవాళ్లు ఊరికి అన్యాయం చేశారు. హెల్దుర్ ఈ సంగతి ఎవరితోనూ వాదించడు. ఫిబ్రవరిలో చలి ఉంటుందని ఎవరైనా వాదిస్తారా?

ఆ ఆఫీసులో బల్ల వెనక ఒక మనిషి ఉండేది. ఎవరు పుట్టినా, ఎవరు పోయినా తలెత్తి ఎదుటివాళ్ల మొహం చూసేది. ఇప్పుడు పుట్టుక, చావు, పన్ను, మందుల చీటీ, ఓటు అన్నీ ఒక కార్డులో ఉన్నాయి. ఎస్తోనియా అంతటా అంతే. జనం గొప్పగా చెప్పుకుంటారు కూడా.

ఆ పొద్దున అతను బడి బాయిలర్‌లోంచి బూడిద లాగుతున్నాడు. పొట్టి మనిషి. మెడ లేదనిపించే భుజాలు. ఎడమ కనుబొమ ఎప్పుడో మంటకు కాలి సగమే మిగిలింది. గోళ్ల చుట్టూ మసి చర్మంలోకి ఇంకిపోయింది, ఆవిరిస్నానం చేసినా వదలదు. ఆ ఊరి పిల్లలంతా అతను వేసిన కట్టెల వెచ్చదనంలోనే చదువుకున్నారు. అతని పేరు అడిగినవాళ్లు లేరు.

వంటమనిషి వీర్వె తలుపు సందులోంచి తల పెట్టింది.

"ఇంట్లో మంచం పొయ్యి పక్కకి జరిపావా?"

"జరిపా."

"దుప్పట్లు ఉతికావా? లేక మసి వాసన పట్టుకుని మైమే దారి వెతుక్కుంటుందనుకున్నావా?"

"ఉతికా."

"నువ్వు దుప్పట్లు ఉతికావంటే ఇక మంచు ఆగదివాళ."

హెల్దుర్ భార్య మైము జిల్లా ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఇంటికి పంపుతానన్నాడు డాక్టరు, కానీ రోజూ వచ్చి చూసే మనిషి ఉండాలన్నాడు. ఆ మనిషి కోసం భర్త తన కార్డుతో ఇంటర్నెట్‌లో అర్జీ పెట్టాలి. ఇవాళ పెడితే శనివారానికి ఆమె ఇంట్లో ఉంటుంది. "ఆవిరిగది వేడి చెయ్యి. లోపలికి రాలేనులే, వాకిట్లో కూర్చుని, ఒంటికి కొట్టుకునే ఆకుకట్ట వాసన చూస్తా," అంది నిన్న. హెల్దుర్‌కు సెల్‌ఫోన్ లేదు. ఆమె బడి వంటింటి ఫోన్‌కే చేసేది.

కార్డు పనులెప్పుడూ మైమువే. ఓట్లప్పుడు "నీది ఎవరికి నొక్కను?" అని కేకేసేది. "నీకే మీసాలు నచ్చితే వాటికి," అనేవాడు. పిన్ నంబరు నిన్న దగ్గు మధ్యలో రెండుసార్లు చెప్పింది.

బూడిద ఎత్తాక లైబ్రరీకి వెళ్లాడు. అక్కడ పనిచేసే రేత్ అతని కార్డును యంత్రంలో పెట్టింది. పంచాయతీ ఆఫీసు పోయాక ఊరికి మిగిలిన కంప్యూటర్ ఆ పిల్ల బల్ల మీదదే.

"అంకెలు నువ్వే కొట్టు బాబాయ్. నేను అటు తిరుగుతా."

"చూస్తే చూడు. దోచుకుపోవడానికి నా దగ్గర కట్టెలు తప్ప ఏమున్నాయి?"

"చూడకూడదు. రూలు."

చూపుడు వేలితో ఒక్కొక్కటే కొట్టాడు. పేజీ తెరుచుకుంది. అర్జీకి ముందు వివరాలు సరిచూసుకోమంది. పేరు. పుట్టిన తేదీ. ఊరు. ఆ కింద, వివాహ స్థితి: విధురుడు (భార్య మరణించారు).

"ఇక్కడ తప్పు పడింది," అన్నాడు. "దిద్దమ్మా."

రేత్ ఇటు తిరిగింది. చదివింది. చెయ్యి మౌస్ మీదనుంచి తీసేసింది.

"వినపడలేదా? దిద్దు."

"అది నేను దిద్దేది కాదు బాబాయ్. ఆసుపత్రిలో డాక్టరు రాస్తే... ఇక్కడ దానంతటదే మారుతుంది."

"మరి నాకు చెప్పరా?"

ఆమె పేజీని కిందికి జరిపింది. "ఈ ఫోన్ నంబరు నీదేనా?"

అది మైముది. అతనికి ఫోన్ లేదు కనక, గడి ఖాళీగా వదలడం ఇష్టంలేక తన నంబరే వేసింది. ఎవరైనా చేస్తే తను చెప్తుంది కదా అని.

రేత్ తన ఫోన్ తీసి ఆ నంబరు నొక్కి అతని చేతికిచ్చింది. ఎవరో నర్సు ఎత్తింది. అతను పేరు చెప్పాడు.

"హెల్దుర్ గారా? తెల్లవారినప్పటి నుంచి మీకే చేస్తున్నామండీ. చేసినప్పుడల్లా ఈవిడ సొరుగులోనే మోగింది. అది ఆవిడ నంబరేనని ఇందాకే అర్థమైంది."

"పక్కన ఎవరున్నారు?"

"నిద్రలోనే పోయారండీ."

"ఎవరున్నారని అడిగా."

"ఎవరూ లేరండీ."

తెర మీద అర్జీ ఇంకా అడుగుతూనే ఉంది, ముందుకు వెళ్లాలా అని. "మూసెయ్," అన్నాడు రేత్‌తో.

బాయిలర్ సగం చల్లారి ఉంది. వంగి కట్టెలు పేర్చాడు. రాజుకునేదాకా చూశాడు. వీర్వె పెరట్లోంచి ఒక సీసా పట్టుకొచ్చి బెంచీ మీద పెట్టింది.

"అడవి ఎర్రపళ్ల మురబ్బా. నీకు కాదు, మైముకి. శనివారం దాకా మూత తీశావో, చేతులు విరుస్తా."

"రాదు. పోయింది."

వీర్వె బెంచీ మీద కూలబడింది. "ఎవరు చెప్పారు? ఫోన్ నా పక్కనే ఉంది. మోగనే లేదే."

"ఎవరూ చెప్పలేదు." కట్టెను లోపలికి తోసి ఇనుప తలుపు వేశాడు. "ఈ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."

ఆమె లేచి వెళ్లిపోయింది. సీసా బెంచీ మీదే ఉండిపోయింది. చలిలోంచి వచ్చిన గాజుకు, బాయిలర్ వేడికి, నెమ్మదిగా చెమట పట్టింది.