గింజ పట్టకముందే

ఆ గుట్ట అన్నదమ్ములిద్దరిదీ. తండ్రి పంచకుండానే పోయాడు, వీళ్లూ పంచుకోలేదు. గుట్టంతా చీపురు గడ్డే. వాన మొహం చాటేసిన ఏడు కూడా ఆ రాళ్ల సందుల్లో బతికేది అదొక్కటే.

అన్న చీపుర్లు కట్టేవాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డు. అందులో భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని, గడ్డిని బండకేసి బాది గింజ రాల్చి, పిడికెడు పిడికెడు కట్టగట్టి, మొదళ్లు సమంగా కత్తిరించేవాళ్లు. తమ్ముడికి గొర్రెలు. పేచీ అంతా అక్కడే ఉంది. చీపురుకి గడ్డి ముదరాలి, పుల్ల గట్టిపడాలి. గొర్రెకి లేతగా ఉన్నప్పుడే అది మేత. గింజ పట్టిందా, ఇక సూదుల పొదే. ఒక్కో గింజకీ పైన మూడు పొడుగాటి మీసాలు, కింద వాడి మొన. ఉన్నిలో చిక్కుకుంటే తోలు దాకా, తోలు దాటితే కండ దాకా పోతుంది. లోపలికి దూరడమే గానీ వెనక్కి రావడం దానికి తెలీదు.

కాలం బాగున్నప్పుడు గొర్రెలు వాగు అవతల మేసేవి, గొడవే ఉండేది కాదు. ఒక ఏడు వాన పడక వాగు అవతల పచ్చటి పరక లేదు.

తమ్ముడు పొద్దున్నే షెడ్డు గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యా, గడ్డి వెన్ను తీస్తోంది. ఈ వారంలో మేపితే మేపినట్టు. సగం గుట్ట వదిలెయ్."

"సగం వదిలేసి నేనేం పెట్టి కట్టను, నా జుట్టా?" అన్నాడు అన్న, తలెత్తకుండా.

ఆయనది నున్నటి బట్టతల. వదినకి నవ్వొచ్చింది. మరిది మొహం చూసి ఆ నవ్వు మింగేసింది.

"చూడి గొర్రెలున్నాయి అన్నయ్యా."

"నా ఇంట్లో మాత్రం నోళ్లు లేవేంట్రా? నెల ఓపిక పట్టు. నేను కోసుకున్నాక దుబ్బులన్నీ నీవే."

"కోశాక దుబ్బుల్లో ఏముంటుంది, మట్టి."

అన్న ఇంకో పిడికెడు గడ్డి అందుకున్నాడు. తమ్ముడు అన్న మాట దాటే మనిషి కాదు. వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే ఆకలికి ఆగలేక మంద ముదురు గడ్డిలో పడింది. కొన్నిటికి నోళ్లు పుండ్లు పడి మేత మానేశాయి. కొన్నిటికి కళ్లు తెల్లబడ్డాయి. పదకొండు పోయాయి, అందులో నాలుగు చూడివి. వదిన రోజూ మధ్యాహ్నం పని ఆపి మరిది దొడ్లోకి వెళ్లేది. ఆమె గొర్రె తల ఒళ్లో ఇరికించుకుని పట్టుకుంటే, అతను రెప్ప తిరగేసి తడిగుడ్డ కొసతో గింజ లాగేవాడు. అన్నని ఒక్క మాట అనేవాడు కాదు. ఆమెకి అదే మోయలేని బరువైంది.

"ఒక్కసారి మీ అన్నని తిట్టెయ్యరాదూ," అంది ఉండబట్టలేక.

"తిడితే బతుకుతాయా వదినా?"

తర్వాత రెండేళ్లు అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఎదురుపడితే ఎవరి దారి వాళ్లు చూసుకునేవాళ్లు.

మూడో ఏడు కోతలయ్యాక, బండకేసి గడ్డి బాదుతూ అన్న ఒక్కసారిగా కెవ్వుమన్నాడు. కుడికన్ను మూసుకుని కూలబడ్డాడు. భార్య రెప్ప ఎత్తబోతే ఎత్తనివ్వడు, పిడికిలితో రుద్దేస్తాడు. ఆస్పత్రి ఉన్నది పట్నంలో. బస్సు మధ్యాహ్నానికి గానీ రాదు. ఆమె ఆయన్ని అడగలేదు. చెప్పులైనా వేసుకోకుండా మరిది ఇంటికి పరిగెత్తింది.

తమ్ముడు వచ్చాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు.

"చెయ్యి తియ్ అన్నయ్యా. రుద్దితే ఇంకా లోపలికి పోతుంది."

"నువ్వా?"

"నేనే. కదలకు."

వదిన ఆయన తల ఒళ్లోకి తీసుకుంది. ఎలా పట్టుకోవాలో ఆమె చేతులకి తెలుసు. తమ్ముడు పైరెప్ప తిరగేశాడు. మీసాలు విరిగిన గింజ, మొన దిగబడి ఉంది. తడిగుడ్డ కొసతో, అది దూరిన వాలులోనే వెనక్కి లాగాడు. అరచేతిలో పెట్టి చూపించాడు. బియ్యపు గింజలో సగం కూడా లేదు.

అన్న దాన్ని రెండో కంటితో చాలాసేపు చూశాడు.

"వాటికీ ఇలాగే ఉండుంటుందా?"

"ఇలాగే. అవి అరవలేదు, అంతే."

అన్న ఏడ్చాడు. తమ్ముడు ఓదార్చలేదు. లేచి వెళ్లిపోనూ లేదు. బస్సు వచ్చేదాకా పక్కనే కూర్చుని, తనూ ఎక్కాడు.

నల్లగుడ్డు మీద గీత పడిందన్నాడు డాక్టరు. మందులు వేశారు, నొప్పి తగ్గింది, మచ్చ ఉండిపోయింది. ఆ కంటికి మనుషులు పొగమంచులో ఉన్నట్టే కనిపిస్తారు.

మరుసటి ఏడు గడ్డి లేతగా ఉండగానే అన్న మంద దగ్గరికి తనే నడిచివెళ్లి, పై సగం మేపుకోమన్నాడు. చీపుర్లు సగానికి పడిపోయాయి. వదిన పట్నంలో బట్టలు కుట్టే చోట పనికి కుదురుకుంది.

ఒక సాయంత్రం ఆమె బస్సు దిగి వస్తుంటే షెడ్డులోంచి మాటలు వినిపించాయి. తన చోట మరిది కూర్చుని మొదళ్లు కత్తిరిస్తున్నాడు.

"అంత వంకరగానా కోసేది? కళ్లున్నాయా నీకు?" అంటున్నాడు అన్న.

"ఉన్నాయి. రెండూ."

లోపల కత్తిరింపు చప్పుడు ఆగింది. ఆమె గుమ్మం బయటే ఆగింది. తర్వాత భర్త నవ్వు వినిపించింది, దాని వెనకే మరిదిది. ఆమె వెంటనే లోపలికి వెళ్లలేదు.